బంతి విసరు పిల్లల మోచేతి నొప్పి: తైలమా, విశ్రాంతియా?

అమెరికాలో బిడ్డల వద్ద కొన్ని మాసములు గడపి వచ్చిన పెద్దలు తరచుగా నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. “మనుమడు బేస్‌బాల్ ఆడుచున్నాడు. మోచేయి నొప్పి యనుచున్నాడు. ఏ తైలము పంపమందురు?” తైలము మాట తరువాత, ముందుగా ఆ నొప్పి యెట్టిదో తెలియవలెను.

ఆ ఆటలో బంతి విసరువానిని పిచ్చర్ అందురు. అతడు మన బౌలరు వలె చేయి చాచి వేయడు. మోచేయి వంచి, భుజమును వెనుకకు త్రిప్పి, కొరడా ఝళిపించినట్లు విసరును. ఆ క్షణమున మోచేతి లోపలి వైపు లాగబడును, వెలుపలి వైపు నొక్కుకొనును. పెద్దవారిలో ఆ లాగుడు ఎముకలను కట్టియుంచు స్నాయువుపై పడును. పిల్లలలో ఎముక చివర ఇంకను గట్టిపడని మృదులాస్థి స్నాయువుకంటె బలహీనము గనుక, ముందుగా అదియే దెబ్బతినును. సుశ్రుతుడు 107 మర్మములలో మోచేతిని కూర్పరమను పేర వైకల్యకర మర్మముగా చెప్పెను. అచట గాయమైన చేయి వంకరపోవునని హెచ్చరించెను.

ఇంటి పెద్దలు నొప్పియనగానే వాతమనుకొని, గోరువెచ్చని నువ్వుల నూనెయో, మహానారాయణ తైలమో మర్దించి, ఉపశమించగానే మరునాడే ఆటకు పంపుదురు. ఉపశమించినది నొప్పి మాత్రమే, మృదులాస్థి అతుకుకొనలేదు. నొప్పి లేని భుజములకు, వీపుకు తైలాభ్యంగము మంచిదే. వాచిన కీలును మాత్రము మర్దింపరాదు.

వ్యాయామము సగము శక్తి వరకే యని వాగ్భటుని మతము. నుదుట, చంకలలో చెమట, నోరెండుట దానికి గుర్తులు. కాని బంతి విసరు పిల్లవానికి ఈ గుర్తులు చాలవు. చెమట పట్టకముందే మోచేయి అలసిపోవచ్చును. అందుచేత లెక్క కావలెను. లిటిల్ లీగ్ అను పిల్లల ఆటల సంస్థ 2007లో విసరుల లెక్కకు నియమము పెట్టినది. 2014లో వెలువడిన ‘పిచ్ స్మార్ట్’ సూచనల ప్రకారము 9, 10 ఏండ్లవారు ఒక దినమున 75కు, 11, 12 ఏండ్లవారు 85కు మించి విసరరాదు. 14 ఏండ్లలోపు వారు 66 లేక అంతకు మించి విసరినచో నాలుగు దినములు విశ్రాంతి. 12 ఏండ్లలోపు వారికి ఏటా కనీసము నాలుగు మాసములు విసరుట మాన్పించవలెను. అందులో రెండు, మూడు మాసములు వరుసగా నుండవలెను.

చిక్కెక్కడనగా, పిల్లవాడు రెండు జట్లలో ఆడినచో ఏ శిక్షకుడు తన జట్టు లెక్కయే చూచును. మొత్తము తెలిసినది ఇంటివారికే. మైదానమున కూర్చున్న తాతగారు చింతపిక్కలతోనైనను లెక్క పెట్టి, ఇంటి క్యాలెండరుపై వ్రాయవచ్చును. పిచ్చర్‌గా అలసినవానిని వెంటనే క్యాచర్‌గా నిలుపుటయు తగదు. క్యాచర్ కూడ బంతిని మరల మరల విసరవలసినవాడే.

తెగిన స్నాయువునకు మారుగా మరియొక స్నాయువును అమర్చు శస్త్రచికిత్సను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అను వృత్తి క్రీడాకారునికి చేసెను. నేడది పాఠశాల పిల్లలకును అవసరమగుచున్నది.

సాఫ్ట్‌బాల్ ఆడు బాలికలు చేతిని క్రిందుగా చక్రము వలె త్రిప్పి విసరుదురు గనుక వారికి భయము లేదనుకొందురు. అది సరికాదు, వారికి భుజము ముందువైపు నొప్పి కలుగును. వారి విసరులను కూడ లెక్కింపవలెను.

చేయి పూర్తిగా చాపలేకపోయినను, విసరునపుడు “టక్” మని శబ్దమైనను, వ్రేళ్ళు తిమ్మిరెక్కినను ఆట వెంటనే ఆపి ఎముకల వైద్యునికి చూపవలెను. ఆయన అనుమతించువరకు బంతి పట్టనీయరాదు.