పెట్టె కంటే ముందు ఈత

జూలై సెలవులకు ఆక్లాండ్‌లోని మన కుటుంబాలు చలి తప్పించుకోవడానికి చూసే చోట్లలో కుక్ దీవుల్లోని రారొటోంగా ఒకటి. నాలుగు గంటల విమానం, అదే న్యూజిలాండ్ డాలరు, తుఫానుల కాలం ఏప్రిల్‌తోనే అయిపోతుంది. ఎంపిక మంచిదే. కానీ చాలా ఇళ్లలో తయారీ అంటే అమ్మ అర్ధరాత్రి దాకా కూర్చుని నాలుగు పెట్టెలు నింపడమే. పిల్లల్ని ఎవరూ తయారు చేయరు.

ముందుగా తేదీల సంగతి. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది గనక శనివారం ఎక్కితే శుక్రవారం దిగుతారు. గది ఏ రోజు నుంచి తీసుకున్నారో మరోసారి చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఒక రోజు ఎగిరిపోతుంది, బడి తెరిచే రోజును దృష్టిలో పెట్టుకోండి. ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్లు న్యూజిలాండ్‌లోకి మళ్లీ రావడానికి వీసా చెల్లుతుందో లేదో బయల్దేరకముందే చూసుకోవాలి.

ఇక నీళ్లు. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది, దాని లోపలిది లగూన్. మూరీ తీరంలో చాలా చోట్ల లోతు తక్కువ, అడుగున ఇసుక కనిపిస్తుంది. అది చూసే మనం ధీమా పడతాం. కానీ అలలు దిబ్బ దాటి లోపలికి తెచ్చిన నీరంతా మళ్లీ సముద్రంలోకి పోయేది దిబ్బలో ఉన్న కొన్ని సందుల గుండానే. అక్కడ లాగుడు ఎక్కువ. దక్షిణ తీరంలోని అవావరోవా సందు దగ్గర పెద్దవాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. దిగే చోటు సురక్షితమో కాదో రోజూ స్థానికుల్ని అడగండి, ఆ తర్వాతే పిల్లల్ని దించండి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులు, రక్షణ కావు. ఇంకో మాట, చనువుగా చెబుతున్నాను: మనలో చాలామంది తల్లిదండ్రులకు ఈత రాదు. ఒడ్డున నిలబడి “లోపలికి పోకురా” అని అరిస్తే ఆ మాట అలల హోరులో పిల్లాడికి వినపడదు. వాడికి చేయి అందేంత దూరంలో మీరూ నీళ్లలోనే ఉండాలి.

పగడాలు కోసేస్తాయి, రాయిలా కనిపించే విషపు చేప ముళ్లు గుచ్చుతుంది. అందుకని నీళ్లలో వేసుకునే బూట్లు ఒక్కొక్కరికీ ఒక జత పెట్టండి. వాటిని ఇంట్లోనే రెండు రోజులు వేయించి చూడండి. అక్కడికెళ్లాక కరుస్తున్నాయని మూలన పడేస్తే లాభం లేదు.

ఎండకు పొడుగు చేతుల ఈత చొక్కా, అంచున్న టోపీ, ఎస్‌పీఎఫ్ 50 క్రీము. క్రీము జింక్‌తో చేసినదైతే పగడాలకు హాని తక్కువంటారు. అది రాస్తూ “నల్లబడిపోతావే” అని మాత్రం అనకండి. చర్మం కాలకూడదని రాస్తున్నాం, రంగు కోసం కాదు. అమ్మమ్మ వీడియో కాల్‌లో ఆ మాటంటే నవ్వి మాట మార్చేయండి.

దోమల్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2025లో రారొటోంగాలో డెంగీ వ్యాపించింది. ఆ దోమ కుట్టేది పగటిపూట, కాబట్టి దోమల మందు పొద్దున్నే రాయాలి. దీవిలో ఉన్నది ఒకే ఆసుపత్రి, పరిస్థితి విషమిస్తే న్యూజిలాండ్ పంపుతారు. ఆ ఖర్చు భరించే బీమా లేకుండా బయల్దేరకండి. కుక్కలు వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతాయి, రేబిస్ లేని దేశమే అయినా వాటిని చూసి పరుగెత్తవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

ఆదివారం ఊరు చర్చికి వెళుతుంది. అక్కడి పాట వినడానికి పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఒక జత చాలు. ఈత బట్టలతో బజారులో తిరగడం అక్కడివాళ్లకు నచ్చదు.

తిండి విషయంలో మన భయం ఎక్కువ. బియ్యం అక్కడి ప్రధాన పట్టణం అవరువాలోని దుకాణాల్లో దొరుకుతుంది. పొడులు, పచ్చళ్లు తీసుకెళితే దిగేటప్పుడు ఫారంలో రాయండి. మిగిలినవి వెనక్కి తెస్తూ ఆక్లాండ్‌లో చెప్పకపోతే 400 డాలర్ల జరిమానా పడవచ్చు.

పెట్టె ముందు రోజు సర్దుకున్నా సరిపోతుంది. ఈత నేర్పే చోట మాత్రం ఈ వారమే పేర్లు రాయించండి, పిల్లలవీ, మీవీ.