ఎవరి పని ఎవరిది? సొంతింటి సందేహాలు - సమాధానాలు

సొంతిల్లు కట్టిస్తున్నవారి ఉత్తరాలే ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఓనరు ఎంతవరకు చెప్పవచ్చు, ఆర్కిటెక్టు ఏం చూడాలి, కాంట్రాక్టరు దేనికి జవాబుదారీ అన్నదే చాలామంది దిగులు. ఇళ్ల కాంట్రాక్టులు చూసే సివిల్ ఇంజినీరు సమాధానాలు ఇవి.

ప్రశ్న: మా మేస్త్రీ ఊరివాడే. నోటిమాట మీదే పని అప్పజెప్పాం, బేస్‌మెంట్ దాకా వచ్చింది. అగ్రిమెంటు లేదని తెలిసి మా అల్లుడు కేకలేశాడు. ఇప్పుడు కాగితం అడిగితే మేస్త్రీ నొచ్చుకుని పని వదిలేస్తాడేమోనని భయం.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మించిపోయిందేమీ లేదమ్మా. నోటిమాటతో కుదిరినదీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందమే. కాకపోతే రేపు తేడా వస్తే ఏమనుకున్నారో రుజువు చేయడం కష్టం. రేటెంత, అడుగులు ఎలా కొలవాలి, ఏ సామాను ఎవరు కొనాలి, ఏ పని అయ్యాక ఎంత ఇవ్వాలి, ఇప్పటిదాకా ఎంత ముట్టింది అన్నవి రెండు పేజీల్లో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ‘నీకు రావాల్సిన డబ్బుకూ ఇదే సాక్ష్యం’ అని చెబితే చాలామంది మేస్త్రీలు నొచ్చుకోరు. అడ్వాన్సు అడుగుతూ రేటు కూడా రాయనంటే అప్పుడు ఆలోచించాలి.

ప్రశ్న: ఆర్కిటెక్టు గారికి ఫీజు పూర్తిగా కట్టాం. స్లాబు వేసిన రోజు ఆయన రాలేదు. అడిగితే ‘రోజూ సైట్లో నిలబడటం నా పని కాదండీ’ అన్నారు. మేం మోసపోయామా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: లేదండీ, ఆయన అన్నది ఈ వృత్తిలో మామూలు మాటే. ఆర్కిటెక్టు ప్లాన్ గీసి, అప్పుడప్పుడూ వచ్చి పని డ్రాయింగు ప్రకారం సాగుతోందో లేదో చూస్తారు. ఇనుము లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరుది, రోజువారీ పర్యవేక్షణ సైట్ ఇంజినీరుది, డ్రాయింగు ప్రకారం కట్టే పూచీ కాంట్రాక్టరుది. తర్వాతి స్లాబుకు ముందురోజే స్ట్రక్చరల్ ఇంజినీరును రప్పించండి: కడ్డీల మందం, వాటి మధ్య ఎడం, బీముల రింగులు, కడ్డీల కింద కవర్ బ్లాకులు చూసి ‘పోసుకోవచ్చు’ అని రాసి సంతకం పెట్టాలి, ఎందుకంటే కాంక్రీటు పడ్డాక లోపలిదేదీ కంటికి కనబడదు. వేసేసిన స్లాబు మీద అనుమానముంటే అప్పటి ఫొటోలు ఆయనకు చూపండి. పగలగొట్టకుండానే పరీక్షించే పరికరాలూ ఉన్నాయి.

ప్రశ్న: వంటింటి తలుపు వాస్తుకు కుదరలేదని మా అత్తగారు మేస్త్రీతో చెప్పి పక్కకు జరిపించారు. ఆర్కిటెక్టు కోప్పడ్డారు, కాంట్రాక్టరు అదనంగా డబ్బు అడుగుతున్నాడు. ఇంటికేమైనా ప్రమాదమా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: పిల్లర్లు, బీముల మీద నిలిచే ఇంట్లో గదుల మధ్య గోడకు తలుపు జరిపితే సాధారణంగా ప్రమాదం ఉండదు. అదనపు సొమ్ము అడగడంలోనూ న్యాయం ఉండొచ్చు: కట్టిన గోడ కొట్టి మళ్లీ కట్టాలంటే కూలి పడుతుంది, ఆ మాట వెళ్లింది మీ ఇంటి నుంచే. ఇకమీదట మీ అత్తగారి మాటైనా మీ మాటైనా ఆర్కిటెక్టు ద్వారానే వెళ్లనివ్వండి; ఆయన గీసిచ్చాక ఖర్చెంతో, ఎన్ని రోజులు ఎక్కువ పడతాయో కాంట్రాక్టరు రాస్తాడు, మీరు సంతకం పెట్టాకే పని. పైపుల కోసం బీమునో పిల్లరునో చెక్కుతున్నట్టు కనబడిందా, అక్కడికక్కడే ఆపించి స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఇచ్చాం. స్లాబుకు ముందు ఇంకో 5 లక్షలు కావాలంటున్నాడు. ఇవ్వకపోతే పని ఆపుతాడు, ఇస్తే కనబడకుండా పోతాడేమో. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: స్లాబుకు ముందు డబ్బు అడగడం మామూలే, ఇనుము, సిమెంటు ఒక్కసారిగా దించాల్సింది అప్పుడే. ఇప్పటిదాకా అయిన పని విలువ ఎంతో ఇంజినీరు చేత రాయించి, మీరిచ్చిన మొత్తం దాని పక్కన పెట్టి చూడండి. పనే ముందుంటే ఇవ్వండి, లేకపోతే సామాను డబ్బు నేరుగా కొట్టులో కట్టి ఆయన బిల్లులో తగ్గించుకోండి. ప్రతి బిల్లులో 5 శాతం ఆపి, ఇల్లు అప్పగించాక ఒక వానాకాలం గడిచాక ఇవ్వడమూ ఒక పద్ధతే, ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే చాలు. ఇచ్చిన సొమ్ము అయిన పనిని దాటిపోయి, సైట్లో మనుషులూ పలచబడుతుంటే ఇంకో రూపాయి కదిలించకండి.

ప్రశ్న: స్లాబు వేసి 9 రోజులే అయింది, సెంట్రింగ్ విప్పేస్తామంటున్నారు. 21 రోజులు ఉంచాల్సిందేనని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. స్లాబు కూలిపోతుందా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కంగారు వద్దు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి, నీళ్లు సరిగ్గా పట్టి ఉంటే, 4.5 మీటర్ల స్పాన్ వరకు స్లాబుకు ఆసరాలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకైతే 6 మీటర్ల దాకా 14, అది దాటితే 21. ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటు నిదానంగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగాలి, ఎన్నాళ్లన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి గానీ సెంట్రింగ్ అద్దె లెక్క చూసుకునేవాళ్లు కాదు. పీపీసీ స్లాబుకు కనీసం 10 రోజులు, మీ ఊరి ఎండకు 14 రోజులు నీళ్లు పట్టించండి. ఈలోగా బీముల కింద ఆసరాలు లాగేస్తున్నా, స్లాబు మీద ఇటుకలు గుట్టపోస్తున్నా ఆపించండి.

ప్రశ్న: ప్లాస్టరింగ్ అయిన నెలకే గోడల మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. ఒక పిల్లరు పక్కన పైనుంచి కిందికి గీత పడింది. ఇల్లు కుంగుతోందా?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇల్లు కుంగే లక్షణాలు లేవమ్మా, వెంట్రుకంత పగుళ్లు కొత్త ప్లాస్టరింగుకు మామూలే, తడి ఆరేకొద్దీ అది ముడుచుకుంటుంది. పిల్లరు కాంక్రీటు, గోడ ఇటుక. ఎండకు రెండూ ఒకేలా సాగవు గనక ఆ అతుకు దగ్గర గీత వస్తుంది, అక్కడ మెష్ కొట్టి ప్లాస్టరింగ్ చేసి ఉంటే చాలావరకు తగ్గేది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కనే తేదీ వేయండి. నెల తర్వాత కూడా పగులు ఆ గీత దాటకపోతే కాంట్రాక్టరు చేత పూడిపించి రంగు వేయించుకుంటే సరి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతూ వెడల్పవుతున్నా, పిల్లరు, బీముల్లోనే పగులున్నా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపడంలో ఆలస్యం చేయకండి.

ప్రశ్న: 1,200 అడుగుల ఇల్లనుకున్నాం. బిల్లులో 1,430 అడుగులు వేశాడు. అడిగితే మెట్లు, బాల్కనీ, సంపు అంటున్నాడు. పెన్షన్ డబ్బుతో కట్టుకుంటున్నవాణ్ని. పోలీసు కంప్లయింటు ఇవ్వమంటారా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ కష్టార్జితం, బాధ సహజమే, కానీ ఇది పోలీసుల దాకా వెళ్లేది కాదు, కొలతల పేచీ. బాల్కనీ సగం లెక్కా పూర్తి లెక్కా, మెట్ల గది కలుస్తుందా, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ విడిగానా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కేస్తారు, అగ్రిమెంటులో రాసి ఉంటే అదే ఖాయం. రాసి లేకపోతే ఇద్దరికీ సమ్మతమైన ఇంజినీరు చేత, ఇద్దరూ ఎదురుగా ఉండగా టేపు పెట్టి కొలిపించి సంతకాలు చేయండి. పేచీ లేని మొత్తం ఇచ్చేసి, మిగతా 230 అడుగుల సంగతి విడిగా తేల్చుకోండి. కలిసి కొలవడానికే ఆయన రానంటే, అప్పుడు లాయరు నోటీసు గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: పరంజా మీంచి జారిపడి ఒక కూలీ కాలు విరిగింది. ‘ఇల్లు మీది, ఖర్చు మీదే’ అంటున్నాడు కాంట్రాక్టరు. నా మీద కేసవుతుందా?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఆ మనిషికి వైద్యం సాగనివ్వండి, చేతనైన సాయానికి వెనకాడకండి. అతన్ని పనిలో పెట్టుకుని కూలి ఇస్తున్నది కాంట్రాక్టరైతే, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోని ఉద్యోగుల పరిహార నిబంధనల ప్రకారం మొదట జవాబు చెప్పాల్సింది ఆయనే. మీరే రోజుకూలీకి మనుషుల్ని పిలిపించుకుని ఉంటే లెక్క మారుతుంది, లాయరును కలవండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదై ఉందేమో ఆ కుటుంబాన్ని అడగండి, ప్రమాదాలకు సాయమందించే పథకాలు అందులో ఉన్నాయి. జరిగింది దాచిపెడదామని ఎవరన్నా వినకండి, చిక్కులు మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: గుంటూరులో ఇల్లు కట్టిస్తున్నాం. డబ్బు నేను పంపుతాను, డెబ్బై దాటిన నాన్నగారు సైట్ చూస్తారు. కాంట్రాక్టరు ఏమడిగినా ఆయన కాదనలేరు. నాన్నకు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే సరిపోతుందా?
– ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: మీరు దూరంగా ఉన్నంత మాత్రాన పని చెడిపోదమ్మా; కాదనాల్సిన భారం నాన్నగారి మీద పడకుండా చూస్తే చాలు. మీ ఫీజు మీదే పనిచేసే ఒక ఇంజినీరును పెట్టి, ఆయన పని చూసి సర్టిఫై చేశాకే డబ్బు అని కాంట్రాక్టరుకూ నాన్నగారికీ కలిపి ఒకే మెయిల్ రాయండి. ఇక ఎవరడిగినా ‘ఇంజినీరు కాగితం తీసుకురా బాబూ’ అంటే సరిపోతుంది. ప్లాన్ పర్మిషన్, బ్యాంకు లోను సంతకాలకైతే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాన్ని ఆ పనులకే పరిమితం చేసి, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించండి. సర్టిఫికెట్ లేకుండా ‘అర్జెంటు’ అంటూ పదేపదే ఫోన్లు వస్తుంటే, డబ్బు పంపే ముందు ఇంజినీరును సైటుకు పంపండి.

ప్రశ్న: గృహప్రవేశమై ఏడాది కాలేదు, మొదటి వానలకే పడకగది సీలింగ్ చెమ్మగిల్లింది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. రెరాలో అయిదేళ్ల గ్యారంటీ ఉందంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చెమ్మ కనబడగానే స్లాబు పోయిందనుకోకండి, చాలాసార్లు నీరు దిగేది వాననీటి గొట్టం మొదట్లోనో పారాపెట్ గోడ అతుకులోనో, డాబా మీద నీళ్లు నిలవకట్టి చూస్తే ఎక్కడో తేలిపోతుంది. రెరా అయిదేళ్ల హామీ బిల్డరు దగ్గర కొన్న ఫ్లాట్లకూ విల్లాలకూ వర్తిస్తుంది, సొంత స్థలంలో కట్టించుకున్న మీకు అగ్రిమెంటే మొదటి ఆధారం. అయినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇల్లు కట్టడాన్ని సేవగానే చూస్తుంది. ఫొటోలతో స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, బాగుచేయడానికి గడువివ్వండి. పలక్కపోతే లోపం బయటపడిన 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. సీలింగ్ మీద తుప్పు మరకలు వస్తున్నా, పెచ్చులు రాలుతున్నా కేసు కోసం ఆగకండి: ఇంజినీరు రిపోర్టు రాయించుకుని మరమ్మతు చేయించండి, ఆ బిల్లులు దాచి కాంట్రాక్టరు నుంచే ఇప్పించమని అడగవచ్చు.