స్వాగత లేఖల వరుస

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీ రూపుదిద్దుకొన్నది. అక్కడి సంస్థలలో చేరే యువత నేర్వవలసిన రచనలలో స్వాగత ఈ-మెయిల్ ఒకటి.

అతిథికి ముందు మంచినీళ్ళిచ్చి, భోజనం పెట్టి, ఆ పిదపనే మన పని విన్నవించడం మర్యాద. నమ్మి తమ చిరునామా ఇచ్చిన కొత్త చందాదారులకు వ్రాసే లేఖలకూ ఇదే వరుస. చేరిన వెంటనే పంపే మొదటి లేఖలో కృతజ్ఞత తెలిపి, ఇస్తామన్నది ఇవ్వాలి. రెండవ లేఖలో వారికి ఉపయోగపడే విషయం ఒక్కటే చెప్పాలి. కొనుగోలు ప్రస్తావన మూడవ లేఖలోనే రావాలి.

ప్రతి లేఖ చివర చందా విరమించుకొనే మార్గం చూపాలి. సమ్మతి ఇచ్చినంత సులభంగా దానిని ఉపసంహరించుకొనే వీలుండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిర్దేశిస్తున్నది. వెళ్ళే దారి మూసిన ఇంటిని అతిథి నమ్మడు.

అభ్యాసం: మీ కళాశాల గ్రంథాలయంలో కొత్తగా చేరిన సభ్యులకు మూడు స్వాగత లేఖలు వ్రాయండి.