బతికిన బిడ్డల లెక్క కూడా రాసుకో

చి. అమ్మడికి,

పసిపిల్లల గుండె ఆపరేషన్ల యూనిట్‌లో చేరానని, మీ సార్ హస్తవాసి గొప్పదని రాశావు. చాలా సంతోషం. ఆయన చేతుల్ని చూసి నేర్చుకో. దానితోపాటు యూనిట్ ఫలితాలను కూడా చూడటం అలవాటు చేసుకో. ఎందుకంటున్నానో తెలియాలంటే లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసిన మార్క్ డి లెవాల్ సంగతి తెలియాలి.

అప్పట్లో ఆయన చేస్తున్నవి ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్లు. రెండు పెద్ద ధమనులు తారుమారై పుట్టిన బిడ్డకు మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది, ఒళ్లంతా నీలమవుతుంది. ధమనుల్ని కోసి చోట్లు మార్చి కుట్టడం సగం పనే. అసలు గండం కరొనరీలది. వాటిని మొదలు దగ్గర కాస్త ధమని గోడతో సహా కోసి కొత్త చోట అతకాలి. ఇసుమంత మెలిపడినా, బిగుసుకున్నా గుండె కండరానికి రక్తం అందదు. ఆపరేషన్‌లో గుండెకు బదులు పనిచేసిన పంపు తీసేసరికి గుండె కొట్టుకోలేక చతికిలబడుతుంది.

మొదటి 52 మంది బిడ్డల్లో పోయింది ఒక్కరే. ఆ తర్వాత 16 మందిలో ఏడుగురు పోయారు. కేసులే కష్టమైనవి వచ్చాయని సరిపెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు కూడా లేరు. ఆయన సరిపెట్టుకోలేదు. గణాంకాలు తెలిసినవాళ్లతో కలిసి కేసు వెంట కేసు పరిశీలించారు. ఫలితాలు బాగున్న మరో సర్జన్ దగ్గరికి వెళ్లి మళ్లీ నేర్చుకున్నారు. అదంతా 1994లో తన పేరుతోనే అచ్చువేయించారు. అంత పేరున్న మనిషి అలా చేయడం నాకు ఆపరేషన్ కన్నా పెద్ద పనిగా తోస్తుంది.

అదే కాలంలో బ్రిస్టల్‌లో ఎనస్తీషియా డాక్టర్ స్టీఫెన్ బోల్సిన్ పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1990లోనే ఆసుపత్రి పెద్దకు ఉత్తరం రాశారు. పెద్దలు చెవిన పెట్టలేదు. 1991 నుంచి 1995 వరకు అక్కడ ఏడాదిలోపు పిల్లలు మామూలుగా ఊహించదగిన దానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని 2001లో ఇయాన్ కెనెడీ విచారణ తేల్చింది. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు వాళ్ల అమ్మలే గుర్తొస్తారు.

డి లెవాల్ వ్యాసంలో నువ్వు పట్టుకోవాల్సింది ఇంకొకటుంది. పంపు నుంచి దించిన బిడ్డను మళ్లీ పంపు మీదికి ఎక్కించాల్సి వస్తే, బిడ్డ బతికినా సరే, దాన్ని తప్పిన గండంగా లెక్కేయాలి. అలాంటివి లెక్కేసి ఉంటే తేడా ఇంకా ముందే తెలిసేదని ఆ వ్యాసం చెబుతుంది. కాబట్టి బిడ్డ పేరు లేకుండా కేసు, బరువు, కరొనరీల అమరిక, పంపు మీద ఉన్న సమయం, మళ్లీ ఎక్కించారా లేదా, అన్నీ ఆ రాత్రే రాసిపెట్టుకో. మర్నాటికి మనసు కారణాలు వెతుక్కుంటుంది.

ఎప్పుడైనా లెక్క తేడాగా కనిపించి, సార్‌ను అడగడానికి జంకు వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఎలా అడగాలో ఇద్దరం ఆలోచిద్దాం.

మీ పెదనాన్న