ప్రమిదలో కాలే పలీతా మనసులను కలుపుతుందా?

ఒక జుమా రోజు నమాజు ముగిశాక ఒక పెద్దావిడ మసీదు గుమ్మం బయట నా కోసం ఆగి ఉన్నారు. చేతిలో చిన్న సంచి, అందులో కాగితం చుట్టిన దూది వత్తులు ఏడు. మొత్తం పదకొండు ఇచ్చారట, నాలుగు అప్పటికే కాలిపోయాయి. "మౌలీ సాబ్, మధ్యలో ఆపితే తిరగబడుతుందన్నాడు. ఆపనా, వెలిగించనా?" అని అడిగారు.

విషయమేమిటంటే, ఆమె కూతురికి పెళ్లయి రెండేళ్లు. ఆర్నెల్లుగా అల్లుడు ఇంట్లో మాట్లాడడం మానేశాడు. ఎవరో చెబితే ఒక ఆమిల్ దగ్గరికి వెళ్లారు. అతను అమ్మాయి పేరు, ఆమె తల్లి పేరు, అబ్బాయి పేరు, అతని తల్లి పేరు రాసుకున్నాడు. కొత్త ప్రమిదలో చమేలీ నూనె పోసి, రోజుకొక పలీతా వెలిగించాలనీ, దీపం ముఖం అల్లుడు పనిచేసే చోటు వైపు ఉండాలనీ చెప్పాడు. రెండు వేలు తీసుకున్నాడు.

ఆమె అనుమతితో ఒక వత్తి విప్పి చూశాను. పదహారు గళ్లు, గళ్లలో అంకెలు, కింద నాలుగు పేర్లు. అంతే! ఆయత్ లేదు, దుఆ లేదు.

ఆ అంకెలు అబ్జద్ లెక్క. అలిఫ్‌కు 1, బేకు 2, అలా గైన్‌కు 1000 వరకు అక్షరానికొక విలువ. బిస్మిల్లాహ్‌కు 786 అని మనవాళ్లు రాసేదీ ఈ లెక్కే. ఉర్దూ, ఫార్సీ కవులు ఒకరి మరణ సంవత్సరాన్ని ఒక పద్యపాదంలో ఇమిడ్చడానికి దీన్నే వాడుకున్నారు. అది భాషలోని ముచ్చట, దానిలో తప్పు లేదు. కాని ఒక మనిషి పేరును అంకెలుగా మార్చి, కాల్చితే అతని మనసు మారుతుందనడానికి ఖుర్ఆన్‌లో గాని, సున్నత్‌లో గాని ఆధారం ఎక్కడుంది?

ఈ పద్ధతులు నిన్న మొన్నటివి కావు. మన ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లిముల ఆచారాలపై రాసిన 'ఖానూనె ఇస్లాం' 1832లో హెర్క్‌లాట్స్ అనే వైద్యుని ఆంగ్లానువాదంగా లండన్‌లో అచ్చయింది. తాయెత్తులు, పలీతాలు, అంజనాలు అన్నీ అందులో ఉన్నాయి. తాతల నాటిది కనుక అది దీన్ అయిపోదు. నూనె దీపం స్థానంలో ఇప్పుడు కొందరు కొవ్వొత్తి పెడుతున్నారు, తేడా అంతే.

ప్రేమ కోసం చేసే ఇటువంటి తంతుకు హదీసులో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది: 'తివలా'. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. మంత్రాలు, తాయెత్తులు, తివలా షిర్క్ అని దైవప్రవక్త (సఅసం) చెప్పారని ఆయన అంటే, భార్య హజ్రత్ జైనబ్ (రజి) ఎదురు ప్రశ్న వేశారు. తన కన్ను నీరు కారుతుంటే ఒక యూదుడి దగ్గరికి వెళ్లేదాన్ననీ, అతను మంత్రించగానే తగ్గిపోయేదనీ చెప్పారు. మన ఇళ్లలో వినిపించే మాట కూడా ఇదే కదా: "పని చేసింది మౌలీ సాబ్!" దానికి ఇబ్నె మస్‌వూద్ (రజి) జవాబు ఏమిటంటే, కంటిని పొడిచేది షైతానే, మంత్రించగానే చేయి తీసేసేదీ వాడే. ప్రవక్త (సఅసం) నేర్పిన స్వస్థత దుఆ నీకు చాలు అన్నారు. అంటే, పని జరగడం ఒక్కటే ఒక పద్ధతి సత్యమనడానికి రుజువు కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. షిర్క్ లేని మాటలతో రుఖ్యా చేయడాన్ని ప్రవక్త (సఅసం) అనుమతించారు, అది సహీహ్ ముస్లింలో ఉంది. ఖుర్ఆన్ ఆయత్ రాసి కట్టుకోవడంపై ఉలమాలో భిన్నాభిప్రాయం ఉంది. అర్థం తెలియని అంకెలు, పేర్లు కాల్చడం ఆ చర్చలోకే రాదు.

ఇక ప్రేమ సంగతి. బరీరా (రజి) బానిసత్వం నుండి విముక్తి పొందాక భర్త ముగీస్ (రజి)తో ఉండనన్నారు. ఆ హక్కు ఆమెకు లభించింది. ముగీస్ మదీనా వీధుల్లో ఆమె వెనకే ఏడుస్తూ తిరిగేవారు, కన్నీళ్లు గడ్డం మీదుగా జారేవి. ప్రవక్త (సఅసం) జాలిపడి, తిరిగి వెళ్లరాదా అని బరీరాను అడిగారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు ఆయనతో అవసరం లేదని ఆమె చెప్పేశారు. బుఖారీలోని ఈ సంఘటనను ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. సోదర సోదరీమణులారా, ఆలోచించండి. ఎవరి దుఆ తిరస్కరించబడదని మనం నమ్ముతామో, ఆ ప్రవక్త (సఅసం) ఎదుట ఒక మనిషి ప్రేమతో కుమిలిపోతున్నాడు. ఆయన ఒక మాట చెప్పి చూశారు, ఆమె వద్దంటే ఊరుకున్నారు. ఆమె మనసును కట్టిపడేసే ఏ ఉపాయమూ చేయలేదు. మనిషి మనసు మరొకరు ముడి వేసి లాక్కునే వస్తువు కాదు. భార్యాభర్తలను విడదీసే విద్య గురించి సూరా బఖరా 102వ ఆయత్‌లో ఉంది. అల్లాహ్ అనుమతి లేనిదే దానితో ఎవరికీ హాని చేయలేరని కూడా అక్కడే ఉంది. కనుక "మధ్యలో ఆపితే తిరగబడుతుంది" అనే భయానికి విలువ లేదు.

ఫాల్ తీయడం కూడా ఈ కోవలోదే. కొన్ని పాత ముద్రణల్లో ఖుర్ఆన్ ప్రతి చివర ఫాల్‌నామా పట్టిక కనిపిస్తుంది. కళ్లు మూసుకుని అక్షరం మీద వేలు పెట్టడం, దాన్ని బట్టి సంబంధం ఖాయం చేయడం! అజ్ఞాన కాలపు అరబ్బులు బాణాలతో చేసింది దాదాపు ఇదే. సూరా మాయిదా 90వ ఆయత్ దాన్ని సారాయి, జూదాల సరసన పెట్టింది. మక్కా విజయం రోజున కాబాలో ఇబ్రాహీం, ఇస్మాయీల్ (అలైహి)ల బొమ్మల చేతుల్లో ఆ బాణాలు కనబడితే, వారు ఎన్నడూ వాటితో జోస్యం చూడలేదని ప్రవక్త (సఅసం) ఖండించారు. మనకిచ్చింది ఇస్తిఖారా: రెండు రకాతులు, ఒక దుఆ. అది ఎవరికి వారు చేసుకునేది. ఫోనులో పేరు చెబితే రెండు నిమిషాల్లో 'ఇస్తిఖారా తీసి' జవాబు చెప్పేవారు తీసేది ఫాలే, పేరు మాత్రమే మార్చారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది దొంగను పట్టే అంజనం. నగ పోతే చిన్న పిల్లవాడి గోటికి కాటుక పూసి "ఎవరు కనబడుతున్నారు?" అని అడుగుతారు. వాడు అప్పటికే ఇంట్లో పెద్దల గుసగుసలు విని ఉంటాడు. చిన్న కోడలి పేరో, పనిమనిషి పేరో చెబుతాడు. నగ తర్వాత బియ్యం డబ్బాలో దొరికినా, ఆ మచ్చ పోదు. చాలా అనుమానాలకు దూరంగా ఉండమని సూరా హుజురాత్‌లో ఉంటే, మనం డబ్బిచ్చి అనుమానం కొనుక్కుంటున్నాం. జోస్యుని దగ్గరికి వెళ్లి అడిగినవాని నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని సహీహ్ ముస్లిం హదీసు. అడిగినందుకే ఇంత!

ఆ పెద్దావిడతో, "ఖాలా, ఆ ఏడూ ఆపేయండి, ఏమీ తిరగబడదు" అన్నాను. సూరా నిసా 35వ ఆయత్ చెప్పినట్టు అటు నుంచి ఒకరిని, ఇటు నుంచి ఒకరిని కూర్చోబెట్టమన్నాను. ఆమె తమ్ముడు, అల్లుడి మేనమామ కూర్చున్నారు. రెండోసారి కూర్చున్నప్పుడు అల్లుడు నోరు విప్పాడు. ఒక స్నేహితుడికి హామీ ఉండి అప్పులో పడ్డాడట, భార్యకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు నెలనెలా ఇద్దరూ కలిసి కడుతున్నారు.