పెచ్చెరువు దారి
గూడెం బతుకు – ఆస్తి – ప్రయాణం

మీ ఊళ్లో శివరాత్రికి శ్రీశైలం పోయినోళ్లు ఉన్నారా? బస్సులో కాదు, కాలినడకన పోయినోళ్లు. ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. "యాడ యాడ ఆగినారు? యాడ నీళ్లు తాగినారు?" అని. వాళ్లు చెప్పే పేర్లలో పెచ్చెరువు తప్పకుండా ఉంటుంది.

పెచ్చెరువు నల్లమల అడవి నడుమ ఉన్న చెంచు గూడెం. యాత్రికులు అక్కడ ఒక పూట ఆగి పోతారు. గూడెం వాళ్లు ఏడాది పొడవునా అక్కడే బతుకుతారు. వాళ్ల బతుకు ఎట్లుంటుంది? వాళ్ల ఆస్తి ఏది? ఊరికి ఎట్లా వచ్చిపోతారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దారి

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం అనే ఊరుంది. అక్కడ చేలు అయిపోతాయి, అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి నాగలూటి. నాగలూటి దాటితే పెచ్చెరువు. పెచ్చెరువు దాటితే భీముని కొలను. ఆ లోయ దిగి మళ్లీ ఎక్కితే కైలాస ద్వారం. అది దాటితే శ్రీశైలం. మామూలు మనిషికి ఇది రెండు రోజుల నడక.

ఇంతకు ముందు ఆత్మకూరు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది.

ఇది కొత్త దారి కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అనే రాజు శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. ఆయన కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరాడు. తాను చూసినవన్నీ రాసుకుంటూ పోయాడు. అది 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకమైంది.

శివరాత్రికి మనవాళ్లు ఈ దారిన పోతారు. ఉగాదికి కన్నడం వాళ్లు వేలమంది వస్తారు. భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడపడుచు అంటారు. ఆడపడుచుకు పసుపు, కుంకుమ, చీర తెస్తారు. చెంచులేమో మల్లన్నను తమ ఇంటి అల్లుడు అంటారు. చెంచు మల్లన్న అని పిలుచుకుంటారు. పాతకాలంలో ఈ అడవిలో యాత్రికులకు దారి చూపింది, కావలి కాసింది ఈ చెంచులే.

ఒక సంగతి గమనించండి. దారిన పోయినాయన అక్షరం వచ్చినవాడు. ఆయన పేరు, ఆయన మాట దాదాపు రెండు వందల ఏండ్లు నిలిచాయి. దారి చూపిన వాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు.

బతుకు

చెంచులు అడవిని నమ్ముకున్న గిరిజనులు. కృష్ణానదికి అటుపక్క తెలంగాణలోనూ, ఇటుపక్క మన నల్లమలలోనూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో వీళ్లు 64 వేల మందికి పైగా ఉన్నారు.

పాతకాలపు చెంచు గుడిసె గుండ్రంగా ఉంటుంది. వెదురు తడికెల గోడ, పైన గడ్డి కప్పు. ఇప్పుడు చాలా గూడేలలో పక్కా ఇండ్లు కూడా వచ్చాయి.

అడవిలో కాలానికో పని ఉంటుంది. ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరతారు. చింతపండు రాలుస్తారు. చెట్ల నుంచి బంక తీస్తారు. తేనె పిండుతారు. వానలు పడితే గడ్డలు తవ్వుతారు. కుంకుడుకాయలు, కరక్కాయలు, ఉసిరికాయలు, చిల్లగింజలు దొరుకుతాయి. చిల్లగింజ అరగదీసి బురదనీళ్లలో కలిపితే నీళ్లు తేటపడతాయి. ఇది మన పెద్దలకూ తెలిసిన సంగతే.

కొందరు అడవి అంచున జొన్న, కొర్ర వేస్తారు. కొందరు మేకలు, ఆవులు మేపుతారు. కొందరు కూలికి పోతారు. అటవీ శాఖలో కావలి పని చేసేవాళ్లూ ఉన్నారు. పులి అడుగు చూసి అది ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పగలరు. ఆ చదువు వాళ్లకు అడవి నేర్పింది.

తేనె తాడు

తేనె తీసేది కష్టమైన పని. పెద్ద తేనెపట్లు నిలువు కొండ చరియలకు పడతాయి. పైనుంచి తాడు వేసుకుని మనిషి దిగాల. కింద లోయ. చుట్టూ ఈగలు. చేతిలో పొగ.

పైన తాడు పట్టుకునేది ఎవరు? ఎవరు పడితే వాళ్లు కాదు. దిగేవాని బావమరిది, అంటే భార్య తమ్ముడో అన్నో పట్టుకుంటాడు. ఎందుకంటే, తాడు జారితే ముండమోసేది వాని తోడబుట్టినదే. అందుకని వాడు ప్రాణం పోయినా తాడు వదలడు.

చూడండి. ఇక్కడ కాగితం లేదు, సంతకం లేదు. నమ్మకమే పూచీ. గూడెంలో వెయ్యేండ్లు అట్లే గడిచింది. కానీ గూడెం దాటి అంగడికి వచ్చినప్పుడు తాడు పట్టుకునేది బావమరిది కాదు. అక్కడ మన చేతిలో కాగితం ఉండాల. దాన్ని చదివే కన్ను ఉండాల.

ఆస్తి

మైదానంలో ఆస్తి అంటే భూమి, ఇల్లు, బంగారు. పాతకాలం చెంచుకు అవి లేవు. విల్లు, అమ్ములు, గొడ్డలి, గడ్డలు తవ్వే పలుగు, బుట్ట, కుండ. ఇవే ఆస్తి. గూడెం మారితే ఇవన్నీ ఒక మోపు. భుజాన వేసుకుని పోవచ్చు. అడవి ఎవరిది అంటే అందరిదీ. అయినా హద్దు లేకపోలేదు. ఈ కొండ దాకా ఈ గూడెం వాళ్లు, ఆ వాగు దాకా ఆ గూడెం వాళ్లు అని పెద్దలకు తెలుసు.

ఇంగ్లీషు దొరల కాలంలో అడవి సర్కారుది అయింది. గీతలు గీసి, రాళ్లు నాటారు. 1978లో నల్లమల వన్యప్రాణుల అభయారణ్యం అయింది. 1983లో పులుల రక్షణ పథకంలో చేరింది. పులిని కాపాడడం మంచిదే. కానీ పులి పక్కనే బతికిన మనిషి మాటేమి? తాతల నాటి నుంచి ఉన్నా, "నీ దగ్గర ఏం కాగితం ఉంది?" అంటే చెప్పేదానికి మాట లేకపోయింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2008 జనవరి నుంచి దాని నియమాలు అమలులోకి వచ్చాయి. ఈ చట్టం ప్రకారం:

– 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిలో ఉండి సేద్యం చేసుకుంటున్న గిరిజనులకు ఆ భూమి మీద హక్కు ఇస్తారు. ఎంత సాగులో ఉంటే అంతే. 4 హెక్టార్లు, అంటే సుమారు 10 ఎకరాలు మించదు.

– పెండ్లయిన వాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇస్తారు.

– ఆ భూమి బిడ్డలకు వస్తుంది. కానీ అమ్మరాదు. ఇంకొకరి పేరు మీదికి మార్చరాదు.

– తేనె, బంక, వెదురు, గడ్డలు, ఆకులు తెచ్చుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఉంది. వేటాడే హక్కు లేదు.

– అర్జీ పరిశీలన పూర్తయ్యే దాకా ఆ మనిషిని అక్కడి నుంచి వెళ్లగొట్టరాదు.

అర్జీ మొదట గ్రామసభకు పోతుంది. అక్కడ అటవీ హక్కుల కమిటీ భూమిని చూస్తుంది. తర్వాత డివిజన్ కమిటీ. చివరి మాట జిల్లా కమిటీది. కింది తీర్పు నచ్చకపోతే 60 రోజులలోగా పై కమిటీకి చెప్పుకోవచ్చు.

పాత కాగితాలు లేవే, ఎట్లా? చట్టం దీనికీ దారి చూపింది. పాత ఇల్లు, గట్టు, బావి, సమాధులు, దేవుని రాయి, ఇవన్నీ సాక్ష్యాలే. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమే. ఇట్లాంటివి కనీసం రెండు ఉండాల.

ఒక సాయంత్రం

ఇప్పుడొక సంగతి అనుకుందాం. ఒక గూడెంలో ఆలుమగలు. మూడెకరాల పట్టా వచ్చింది. మగనికి జబ్బు చేసింది. చేతిలో డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి కిందూరి నుంచి ఒక ఆసామి వచ్చాడు.

"పదివేలు ఇస్తా. రెండేండ్లు భూమి గుత్తకు ఇయ్యి. ఇదో కాగితం. ఇద్దరూ వేలిముద్ర వేయండి" అన్నాడు.

మగడు మంచం మీది నుంచే చెయ్యి చాపాడు. ఆమె మాత్రం కాగితం తీసుకుంది. ఆరు నెలలుగా రాత్రి బడికి పోతోంది. బుడ్డి దగ్గరికి జరిగింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"ఏం లేదులే అమ్మా, అంతా మామూలే" అన్నాడు ఆసామి.

"ఉండన్నా. నిదానంగా చదువుకుంటా" అంది ఆమె.

రెండో గీతలో ఆగింది. మళ్లీ చదివింది.

"అన్నా, నువ్వు గుత్త అంటివి. ఈడ విక్రయం అని ఉండాది. విక్రయం అంటే అమ్మకం గదా?"

ఆసామి మాట్లాడలేదు. ఆమె లేచి దూలం సందులో నుంచి పట్టా తీసింది. అందులో ఒక గీత చదివి వినిపించింది. భూమి వారసులకు వస్తుందని, అమ్మరాదని, బదిలీ చేయరాదని అందులో ఉంది.

ఆసామి కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

అతను పోయాడు గానీ జబ్బు పోలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పొదుపు సంఘం అక్కను కలిసింది. సంఘంలో కొంత అప్పు పుట్టింది. ఇంట్లో ఉన్న తేనె, బంక గిరిజన సహకార సంస్థకు వేసింది. తూకం చీటీ తీసుకుని చదువుకుంది. ఆ డబ్బుతో మగణ్ణి ఆత్మకూరు తీసుకుపోయింది.

చదువు వస్తే కష్టాలన్నీ తీరుతాయని ఈ కథ చెప్పడం లేదు. అప్పు అప్పుగానే ఉంది. కానీ భూమి నిలిచింది. ఒక్క మాట చదవగలిగినందుకు నిలిచింది.

ప్రయాణం

గూడేలకు ప్రయాణం ఇప్పటికీ కష్టమే. వాన వస్తే వాగు పొంగుతుంది. వాగు పొంగితే రాకపోకలు బంద్. దారి లేని గూడెంలో కాన్పు నొప్పులు వస్తే మంచాన్నే డోలీ కట్టి మోయాల. మన రాష్ట్రంలో 108 బండ్లు 2005లో వచ్చాయి. కానీ బండి దాకా చేరాల గదా! అందుకే నెలలు నిండిన ఆడమనిషిని ముందుగానే ఆసుపత్రి దగ్గరికి చేర్చడం మేలు.

అభయారణ్యంలో రోడ్డు వేయవచ్చా? అటవీ హక్కుల చట్టంలో దీనికీ వీలుంది. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, తాగునీరు, రోడ్డు వంటి పనులకు అడవి భూమి అడగవచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు ఉండాల. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. గ్రామసభ తీర్మానం కావాల. అంటే గ్రామసభకు పోవాల, నోరు తెరిచి అడగాల. తీర్మానంలో ఏం రాశారో చదివి సంతకం పెట్టాల.

2023 నవంబరు 15న కేంద్ర ప్రభుత్వం చెంచుల వంటి బాగా వెనుకబడిన గిరిజనుల కోసం పీఎం జన్‌మన్ అనే పథకం మొదలుపెట్టింది. ఇండ్లు, రోడ్లు, తాగునీరు అందులో ఉన్నాయి. పథకం వచ్చిందని విన్నంత మాత్రాన చాలదు. మన గూడెం పేరు జాబితాలో ఉందా లేదా, చదివి చూసుకోవాల.

మనకేంది?

"మాది అడవి కాదు. మాది కోవెలకుంట్ల దగ్గర నల్లరేగడి. మాది పులివెందుల దగ్గర ఎర్రనేల. మాకెందుకు ఈ పాఠం?" అని మీరు అనవచ్చు.

మీ ఇంట్లోనూ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో పాసు పుస్తకం, అప్పు పత్రం, పాత దస్తావేజు ఉంటాయి. వాటిని ఎన్నడైనా మీరే చదివారా? సర్వే నంబరు సరిగా ఉందా? విస్తీర్ణం ఎంత రాశారు? ఇంటి ఆడమనిషి పేరు ఎక్కడైనా ఉందా? ఈ రాత్రి దీపం పెట్టి తీసి చూడండి.

కొత్త మాటలు

విక్రయం – అమ్మకం
గుత్త – ఇంత మొత్తమని మాట్లాడుకుని భూమిని సాగుకు ఇవ్వడం
బదిలీ – ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మార్చడం
తీర్మానం – సభలో అందరూ ఒప్పుకుని రాసిన మాట
విస్తీర్ణం – భూమి కొలత

చెప్పండి

1. తేనె తీసేటప్పుడు తాడును బావమరిది ఎందుకు పట్టుకుంటాడు?
2. అటవీ హక్కుల పట్టా ఎవరి పేరు మీద ఇస్తారు?
3. పాత కాగితాలు లేకపోతే ఏవి సాక్ష్యాలు అవుతాయి?
4. ఆసామి చెప్పిన మాటకూ, కాగితంలోని మాటకూ తేడా ఏమి?

చేయండి

మీ ఇంట్లోని ఒక భూమి కాగితం తీయండి. అందులోని పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు మీ చేత్తో ఒక తెల్ల కాగితం మీద రాయండి. తెలియని మాట కనిపిస్తే దాని కింద గీత గీయండి. రేపు కేంద్రానికి ఆ తెల్ల కాగితం తెండి. అసలు కాగితం మాత్రం ఇంట్లోనే భద్రంగా ఉంచండి.