జంటగా పాట కట్టిన మిత్రులు

తెలుగునాట జంటకవుల కథలు మనకు క్రొత్త కావు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తమ కృతులను తిరుపతి వేంకటకవులు అను ఒక్క పేరుతోనే లోకమునకు ఇచ్చిరి. అట్టి జంట యొకటి ఇంగ్లండు దేశమున, లివర్‌పూల్ అను రేవుపట్టణములో వెలసెను. వారు పద్యములు చెప్పలేదు, పాటలు కట్టిరి. ఒకని పేరు జాన్ లెనన్. రెండవవాని పేరు పాల్ మెకార్ట్‌నీ.

1957వ సంవత్సరము జూలై 6వ తేదీన ఊల్టన్ అను పేటలోని చర్చి ఉత్సవములో జాన్ తన మిత్రబృందముతో పాడెను. అతనికప్పుడు పదునారేండ్లు. వినవచ్చిన పాల్‌కు పదునైదేండ్లు. ఆనాడే పాల్ గిటారు వాయించి పాడి వినిపించెను. ఇంత బాగుగా వాయించువానిని చేర్చుకొనినచో తన పెద్దరికము తగ్గునేమో యని జాన్ ఆలోచించెను. అయినను బృందము బాగుపడుటయే ముఖ్యమని తలచి, అతనిని చేర్చుకొనెను.

ఆ బాలురిద్దరిని ఒక దుఃఖము మరింత దగ్గరకు చేర్చెను. నర్సుగా పనిచేసిన పాల్ తల్లి మేరీ 1956లో వ్యాధితో మరణించెను. జాన్ తన పెద్దమ్మ యింట పెరిగెను. అతనికి తొలుత సంగీతము నేర్పిన కన్నతల్లి జూలియా 1958లో మోటారు ప్రమాదమున మరణించెను. ఇద్దరును తల్లిలేని పిల్లలైరి. ఒకని మనసులోని వెలితి రెండవవానికి చెప్పకయే తెలియుచుండెను.

పాల్ ఇంటి ముందుగదిలో వారు ఎదురెదురుగా కూర్చుండి పాటలు కట్టుచుండిరి. పాల్‌ది ఎడమచేతి వాటము. జాన్‌ది కుడిచేతి వాటము. అందుచేత ఒకని వ్రేళ్ల కదలిక రెండవవానికి అద్దములోని ప్రతిబింబము వలె కనబడెడిది. పాటలను బడి నోటుపుస్తకములో వ్రాసికొనిరి. మరునాటికి తమకే గుర్తురాని పాట ఇతరులకు మాత్రము గుర్తుండునా యని తలచి, దానిని విడిచిపెట్టుచుండిరి. ఎవరు ఎక్కువ వ్రాసినను పాటపై ఇద్దరి పేర్లు ఉండవలెనని ఒప్పందము చేసికొనిరి. తరువాత వారి బృందము బీటిల్స్ అను పేరుతో లోకప్రసిద్ధి పొందెను.

సొంత అనుభవము ఉన్నంతమాత్రమున పాట పుట్టదు. 1965లో వెలువడిన ‘ఇన్ మై లైఫ్’ అను పాట కథ ఇందుకు నిదర్శనము. చిన్ననాటి సంగతులను పాటగా వ్రాయరాదా యని ఒక పత్రికారచయిత జాన్‌ను అడిగెను. జాన్ తన యింటినుండి పట్టణమునకు బస్సులో పోవు త్రోవను తలచుకొని, దారిలోని చోట్ల పేర్లన్నియు వరుసగా వ్రాసెను. చదివి చూడగా అది సెలవులలో తిరిగివచ్చిన పిల్లవాడు వ్రాసిన వ్యాసము వలె చప్పగా ఉండెను. అతడు ఆ పట్టికను ప్రక్కకు పెట్టెను. అప్పుడు చోట్ల పేర్లు పోయి, వానిని తలచుకొనునప్పుడు కలుగు ప్రేమయు, దిగులును మిగిలెను. పాట అందుండి వచ్చెను. లివర్‌పూల్‌ను చూడనివారు కూడ ఆ పాటలో తమ ఊరిని తలచుకొందురు. దాని బాణీ ఎవరిదను విషయమున మాత్రము ఇద్దరి జ్ఞాపకములు వేరుగా నుండెను!

అనుభవమును చెప్పు తీరు అందరికి ఒకటి కాదు. 1967 ఫిబ్రవరిలో ఒకే రికార్డుకు రెండు వైపుల వారి బాల్యస్మృతులు వెలువడెను. పాల్ ‘పెన్నీ లేన్’ అను వీధిని, అందలి మంగలి దుకాణమును, బ్యాంకును పట్టపగటి వెలుగులో చూచినట్లు వర్ణించెను. జాన్ తన యింటికి సమీపముననున్న ‘స్ట్రాబెరీ ఫీల్డ్’ అను అనాథబాలల ఆశ్రమపు తోటను తలచుకొనెను. కాని తోటకంటె తన ఒంటరితనమునే ఎక్కువగా చెప్పెను. ఊరు ఒక్కటే, చూపులు రెండు.

1968లో జాన్ దంపతులు విడిపోవుచుండిరి. వారి కుమారుడు జూలియన్ ఐదేండ్లవాడు. ఆ పిల్లవానిని ఓదార్చుటకై పాల్ కారులో పోవుచు ఒక పాట మొదలుపెట్టెను. జూలియన్ ముద్దుపేరును కొంచెము మార్చగా అది ‘హే జూడ్’ అయ్యెను. పాటను జాన్‌కు వినిపించుచు, ఒక పంక్తి తాత్కాలికముగా పెట్టితిననియు, మార్చెదననియు పాల్ చెప్పెను. పాటలోకెల్ల అదియే మంచి పంక్తియని జాన్ వారించెను. ఆ పంక్తి నిలిచెను. తన కుమారుని కొరకు పుట్టిన ఆ పాటను జాన్ తన కొరకే వ్రాసినట్లు భావించెను. ఒక బాలునికి చెప్పిన ఓదార్పు తండ్రికిని, పిదప లోకమునకును ఓదార్పయ్యెను.

1970 నాటికి మిత్రులు విడిపోయిరి. 1980 డిసెంబరు 8వ తేదీన న్యూయార్కు నగరమున జాన్ హత్యకు గురియయ్యెను. 1982లో పాల్ ‘హియర్ టుడే’ అను పాట వెలువరించెను. జాన్ తన యెదుట నున్నచో ఏమనునో ఊహించి, అతనితో మాటలాడినట్లే ఆ పాట కట్టెను. ఏ పంక్తి ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో చెప్పుటకు ఈసారి ఎదుట ఎవరును లేరు.

బాలబాలికలారా! మన సుఖదుఃఖములు మనవే. కాని వానిని విని, “ఇది ఉండనిమ్ము, అది వలదు” అని నిజము చెప్పు మిత్రుడు లభించినప్పుడు, అవి పదిమందికి పనికివచ్చు మాటలగును. అట్టి మిత్రుని పోగొట్టుకొనకుడు.